ఫ్రేములో లేని కంప

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్తూ నాయన కోసం ఒక ఫోటో పట్టుకెళ్ళాను. 12 బై 18 ప్రింటు, అమీర్‌పేటలో ఫ్రేము కట్టించింది. ఎండిన గడ్డి మీదుగా, నేలకి రెండడుగుల ఎత్తులో ఎగురుతున్న మగ పిల్లిగద్ద. బూడిద కలిసిన తెలుపు ఒళ్ళు, రెక్కల కొనల దగ్గర మేకు కొట్టినట్టు నలుపు, పచ్చటి కన్ను. వెనకాల ఏమీ లేదు, సాయంకాలపు వెలుతురూ గోధుమరంగు గడ్డీ కలిసిపోయి ఒకటే పూత. ఇన్‌స్టాగ్రామ్‌లో నాకు ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చిన ఫోటో అది.

నాయన కళ్ళజోడు తుడుచుకుని, ఫ్రేముని కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఈ పక్క కంప ఉండె గదా, ఏమాయె?"

డిసెంబర్లో ఆ ఫోటో తీసిన మర్నాడే ఊరికి వెళ్ళి, కెమెరా వెనక తెరమీద ఆయనకి చూపించాను. అది గుర్తుపెట్టుకున్నాడు.

"తీసేసినా నాయనా."

"ఎట్ల తీసేసినావు?"

"కంప్యూటర్లో."

మళ్ళీ ఒకసారి ఫోటో దగ్గరికి వంగి, కంప ఉండాల్సిన చోట వేలితో తడిమాడు. "వేర్లతో సహా పోయిందే," అన్నాడు. ఆ మాటన్నప్పుడు నవ్వలేదు. ఇరవయ్యేళ్ళు ఆ కంప కొట్టిన మనిషి.

పక్షుల ఫోటోలు తీసేవాళ్ళకి ఒక అలిఖిత రాజ్యాంగం ఉంటుంది. కంట్లో వెలుగు చుక్క ఉండాలి. రెక్క కొన తెగకూడదు. పక్షి కంటి ఎత్తుకి మనం దిగాలి. అన్నిటికంటే ముందు, బ్యాక్‌గ్రౌండ్ 'క్లీన్'గా ఉండాలి. ఈ క్లీన్ అన్నమాట మా వాట్సాప్ గ్రూపులో రోజుకి పదిసార్లయినా వినబడుతుంది. దీనికోసమే మనుషులు లక్షలు పోసి లెన్సులు కొంటారు. నేను ఆరేళ్ళ ఈఎంఐ మీద బతికించిన 200-500 లెన్సుకి కూడా అసలు ఉద్యోగం అదే: పక్షిని ఉంచి, మిగతా లోకాన్ని కరిగించెయ్యడం. ఆ లెన్సు కరిగించలేనిది ఏమైనా మిగిలితే లైట్‌రూమ్‌లో క్లోన్ టూల్ ఉంది.

పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు మాటలు రాసే అలవాటున్నవాణ్ణి కనక చెప్తున్నాను, మన పక్షి ఫోటోల్లో నూటికి తొంభై పాస్‌పోర్ట్ ఫోటోలు. ఆ మనిషి ఎవరో తెలుస్తుంది. ఎక్కడ బతుకుతాడో, అద్దె కట్టగలుగుతున్నాడో లేదో తెలియదు. కథల్లో ఇదే పని ఎవరైనా చేస్తే 'పాత్ర గాల్లో వేలాడుతోంది' అని రాస్తాను నేను. నా ఫోటోల్లో గద్దలన్నీ అక్షరాలా గాల్లోనే వేలాడుతున్నా నాకెప్పుడూ తప్పనిపించలేదు.

పిల్లిగద్ద అన్న పేరు నేను పెట్టింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్, భారతదేశపు పక్షుల మీద రాసిన పుస్తకంలో ఈ తెలుగు పేరు నమోదు చేశాడు. ఇంగ్లీషులో హారియర్ అంటారు. చెట్టుమీద కూర్చుని ఎలుక కోసం కాపలా కాసే రకం కాదిది. గడ్డి చివళ్ళు పొట్టకి తగులుతాయా అన్నంత కిందికి దిగి, రెక్కలు వీ ఆకారంలో ఎత్తిపెట్టి, అటూ ఇటూ ఊగుతూ పొలాన్ని గాలిస్తుంది. ముఖం చూస్తే గుడ్లగూబకి చెల్లెలేమో అనిపిస్తుంది. ఆ పళ్ళెంలాంటి ముఖం చప్పుడుని చెవులకి చేరుస్తుంది. గడ్డిలో మిడత కదిలితే కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. పిల్లి అన్న పేరు పెట్టినవాడు ఎవడో గానీ దాని నడక చూసి పెట్టాడు.

వీటిలో రెండు జాతులు, పాలిడ్ హారియర్, మాంటేగూస్ హారియర్, కజకిస్తాన్, రష్యా గడ్డిమైదానాల్లో పిల్లల్ని చేసి, సెప్టెంబరు అక్టోబరుల్లో మన దగ్గరికి వస్తాయి. మార్చి ఏప్రిల్‌కి వెళ్ళిపోతాయి. పగలంతా విడివిడిగా, పొలాల మీద ఎవరి వేట వాళ్ళదే. పొద్దుగూకేవేళకి మటుకు పదుల కిలోమీటర్ల దూరం నించి ఒకే గడ్డి బీడుకి చేరుకుంటాయి. నేలమీద, గడ్డిలో, ఒకదానికొకటి కాస్త ఎడంగా పడుకుంటాయి. ఇంత దూరం ఎగిరొచ్చిన గద్ద చెట్టెక్కకుండా మట్టిలో పడుకోవడం మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

అది చూసింది రోళ్ళపాడులో. నందికొట్కూరు దాటాక వస్తుంది, ఇప్పుడు నంద్యాల జిల్లా. బట్టమేక పిట్టని కాపాడ్డానికి 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. నేను పుట్టిన సంవత్సరం కూడా అదే కాబట్టి ఆ బోర్డు చూసినప్పుడల్లా మేమిద్దరం ఎలా ఉన్నామా అని పోల్చుకుంటుంటాను. అరణ్యం అని పేరేగానీ ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి నేల. మొదటిసారి 2017 జనవరిలో వెళ్ళాను. మేం కెమెరాలతో దిగగానే అక్కడున్న ఒక పెద్దాయన, "బట్టమేక కోసమా సార్? అది లేదు, జింకల్ని చూసుకోని పోండి," అన్నాడు. నిజంగానే నేను వెళ్ళిన ఏ ఏడూ బట్టమేక కనబడలేదు.

కానీ ఆ సాయంత్రం అయిదున్నరకి పడమటి నించి ఒకటి వచ్చింది. వెంటనే రెండోది. కాసేపటికి ఎటు చూసినా నేలబారుగా జారుతున్న నీడలే. దిగుతాయి, మళ్ళీ లేస్తాయి, ఒకదాని చోటు ఇంకోదానికి నచ్చుతుంది, చిన్న తగాదా, మళ్ళీ సర్దుకుంటాయి. బస్సులో సీట్ల కోసం జనం సర్దుకున్నట్టు. ఆరుంబావుకి అంతా నిశ్శబ్దం. అక్కడ అన్ని గద్దలున్నాయని ఇప్పుడొచ్చినవాడికి చెప్పినా నమ్మడు.

లెక్కలు చదివింది తర్వాత. ఎనభైల మధ్యలో రోళ్ళపాడులో రాత్రి బసకి వచ్చే పిల్లిగద్దలు వెయ్యికి పైగా ఉండేవట. బెంగళూరులోని ఏట్రీ సంస్థ వాళ్ళు ఏళ్ళ తరబడి దేశంలో ఈ బసల్ని లెక్కపెట్టి, ఇక్కడ ఆ సంఖ్య వందలోపుకి పడిపోయిందని చెప్పారు. మేం 'ఆహా ఎన్ని గద్దలో' అని మురిసిపోయిన ఆ సాయంత్రం, ఎనభైల్లో అక్కడ నిలబడ్డవాళ్ళకి ఖాళీ పొలంలా కనబడేదేమో.

ఇక్కడొకటి ఒప్పుకోవాలి. 2018లో వెలుతురు తక్కువైందని, ఫోటో షేక్ అవుతోందని, బస దగ్గరికి కారు తీసుకెళ్ళాం నేనూ నా స్నేహితుడూ. అభయారణ్యం లోపల కాదు, బయట ఒక బీడులో చిన్న బస అది. అవి అన్నీ ఒక్కసారి లేచాయి. చీకటి పడేదాకా తిరుగుతూనే ఉండి, ఎటో వెళ్ళిపోయాయి. ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాయో తెలీదు. ఫోటోలూ బాగా రాలేదు, అది వేరే సంగతి. గద్దలకి ఏది ముప్పు అని ఎవరైనా అడిగితే జాబితాలో మా కారు నంబరు కూడా ఉంటుంది.

సరే, కంప సంగతి.

సర్కారు తుమ్మ తెలియని తెలుగువాడు ఉండడు. పేరు తెలియకపోయినా ముల్లు తెలుస్తుంది. శాస్త్రంలో ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనేవారు, ఈమధ్య ఇంటిపేరు మార్చి నెల్టుమా అంటున్నారు. సొంతూరు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాలు. గుజరాత్‌లోని కచ్‌లో దీన్ని పిచ్చితుమ్మ అంటారు. తమిళులు సీమనించి వచ్చిన తుమ్మ అంటారు. మనం సర్కారు తుమ్మ అన్నాం. తప్పెవరిదో పేరులోనే రాసిపెట్టుకున్న జాతి మనది.

ఎందుకంటే ఇది సర్కారు తెచ్చినదే. 1876లో మద్రాసు రాష్ట్రంలో అడవుల అధికారిగా ఉన్న కల్నల్ బెడ్డోమ్, ఎండకి తట్టుకునే వంటచెరకు చెట్టు కావాలని ఈ విత్తనాల కోసం పైవాళ్ళకి రాశాడు. మరుసటేడు విత్తనాలొచ్చాయి. వాటిని నాటిన మొదటి చోట్లలో ఒకటి కడప జిల్లా కమలాపురం. ధాత కరువు జనాన్ని మింగుతున్న రోజులవి. బెడ్డోమ్‌ని తిట్టుకోవడం సులువే, కానీ ఆ ఏడు ఆ జిల్లాలో నిలబడి చూసిన ఎవడికైనా నీళ్ళడగకుండా పెరిగే చెట్టు దేవుడిలాగే కనబడి ఉంటుంది. పైగా బెడ్డోమ్ ఫెర్న్ మొక్కల మీదా పాముల మీదా ఎంతో పని చేసిన ప్రకృతి శాస్త్రవేత్త. ఏమీ తెలియనివాడు చేసిన పని కాదది.

మా ఊరు కమలాపురానికి దగ్గర్లోనే. పాపాఘ్ని పెన్నలో కలిసే వైపు. ఈ తేదీలు చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. దేశమంతా పాకిన ఆ చెట్టు మొదట కాలుమోపిన చోట్లలో ఒకటి, నేను చిన్నప్పుడు గోళీలాడుకున్న నేలకి సైకిల్ దూరంలో ఉంది.

ఆ చెట్టు ఏం చేస్తుందో క్లుప్తంగా చెప్తాను. ఆకుని మేకలు ముట్టవు, తియ్యటి కాయని మటుకు వదలవు. కాయతో పాటు విత్తనం కడుపులోకి పోయి, పెంటికలతో బయటపడి, ఎరువుతో సహా మొలుస్తుంది. గుజరాత్‌లో వెళవదర్ అనే గడ్డిమైదానం ఉంది, అక్కడ పిల్లిగద్దల బస ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటి. అక్కడ ఈ విత్తనాలని మోసేది కృష్ణజింకలని పరిశోధకులు తేల్చారు. జతకట్టే కాలంలో మగ జింకలు గడ్డి మధ్యలో హద్దులు పెట్టుకుని, ఒకేచోట పెంటికల కుప్పలు వేస్తాయి. ఆ కుప్పల్లో తుమ్మ విత్తనాలు. అంటే గడ్డి ఉంటేనే బతికే జింక, గడ్డిని చంపే చెట్టుని తన ఇంటి నడిమధ్యలో తానే నాటుకుంటోంది. ఇందులో ఎవర్ని తప్పు పడతాం?

కొడితే చావదు. మొదలు మిగిల్తే నాలుగు కొమ్మలై లేస్తుంది. వేర్ల సంగతి చెప్పాలంటే, దీని దగ్గరి చుట్టం ఒకదాని వేరు అమెరికాలో అరిజోనాలో ఒక గనిలో యాభై మీటర్లకు పైగా లోతున కనబడింది. దాని కింద గడ్డి పెరగదు. గడ్డి లేనిచోట మిడత ఉండదు, భరతపక్షి గూడు పెట్టదు. ఆ రెండూ లేనిచోట పిల్లిగద్దకి పని లేదు. పైగా నేలబారుగా ఊగుతూ ఎగిరే పక్షికి, మనిషెత్తు ముళ్ళపొదలు నడివీధిలో కట్టిన గోడలు. జాలెడేగకి అభ్యంతరం లేదు, అది ఆ కొమ్మమీదే కూర్చుని వేటాడుతుంది. గద్దలన్నీ ఒకటి కావు. ఒకదానికి మంచె అయ్యేది ఇంకోదానికి కంచె.

మొత్తం నేరం తుమ్మ నెత్తిన రుద్దడం నాకిష్టం లేదు. రోళ్ళపాడు చుట్టూ నీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, మందులు కొట్టడం పెరిగింది, మిడతలు తగ్గాయి. రెవెన్యూ లెక్కల్లో గడ్డినేలకి సొంత పేరంటూ లేదు, అదంతా 'బంజరు' కాబట్టి ఎవరికేది కావాలన్నా ముందు అదే కనబడుతుంది. ఇన్ని జరుగుతున్నప్పుడు తుమ్మ ఒక్కదాన్నీ పట్టుకుని కొట్టడం, ఊళ్ళో దొంగతనం జరిగితే పరదేశిని పట్టుకున్నట్టు ఉంటుంది.

ఆ మాటకొస్తే ఈ భాషే నాకు ఇబ్బంది. చొరబాటు జాతులు, దురాక్రమణ మొక్కలు, విదేశీ కలుపు. పర్యావరణం మీద వ్యాసం చదువుతున్నానా, సరిహద్దు వార్తలు చదువుతున్నానా అనిపిస్తుంది. మా పొలంలో శనక్కాయ ఆ ఖండం నించి వచ్చిందే. పచ్చిమిరపకాయా అంతే. వాటిని ఎవరూ పరాయివి అనరు, ఎందుకంటే అవి గట్టు దాటి వెళ్ళవు. తుమ్మని మనమే పిలిచాం. పిలిచి, ఇల్లు చూపించి, ఇప్పుడు చొరబడిందంటున్నాం.

2016లో కంపెనీ నన్ను పదినెలలపాటు ఫ్లోరిడా పంపింది. నా గద్దల పిచ్చి అక్కడే మొదలైంది. అక్కడ చిత్తడి నేలల్లో దాదాపు నత్తల మీదే బతికే గద్ద ఒకటుంది, స్నెయిల్ కైట్. కొడవలిలా వంగిన సన్నటి ముక్కుతో గుల్లలోంచి నత్తని లాగి తింటుంది. 2000 ప్రాంతంలో మూడువేలకు పైగా ఉన్నవి, 2007కల్లా ఏడువందల దగ్గరికి వచ్చేశాయి. అప్పటికే అక్కడికి దక్షిణ అమెరికా నించి ఇంకో జాతి నత్త చేరింది, స్థానిక నత్తకి రెండు మూడింతలు పెద్దది. ఇక ఈ గద్ద పని అయిపోయినట్టే అనుకున్నారు, పిల్ల గద్దలు ఆ పెద్ద నత్తలని పట్టలేక జారవిడిచేవి. కానీ పదేళ్ళు తిరక్కుండానే గద్దల ముక్కులు పెద్దవయ్యాయని 2017లో పరిశోధన వచ్చింది. పెద్ద ముక్కున్న పిల్లలు ఎక్కువ బతికాయి. సంఖ్య మళ్ళీ పెరిగింది. పరాయి నత్త వచ్చి గద్దని నిలబెట్టింది. అలాగని ఆ నత్త మంచిదని కాదు, అది చెరువుల్లో మొక్కల్ని నమిలేస్తుంది, రేపు దాన్ని మందు పెట్టి చంపితే గద్ద గతేమిటో ఎవరికీ తెలీదు. నేను చెప్పొచ్చేదేంటంటే, ఇది మంచి ఇది చెడు అని తేల్చేసుకుని కెమెరా పట్టుకునేవాడికి ప్రకృతి చాలా ఇబ్బంది పెడుతుంది.

నాకు అంతకుముందే ఇబ్బంది ఉంది. నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది సర్కారు తుమ్మ.

2001 నించి వరసగా వానల్లేవు మా వైపు. శనక్కాయ వేస్తే విత్తనాల ఖర్చు కూడా రాలేదు. నాయన బొగ్గులు కాల్చడానికి దిగాడు. ఊరి బయట వంకపొడుగునా కంప. కొట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ. కొట్టిన మొద్దులు నిలువుగా పేర్చి, పైన ఆకూ చెత్తా కప్పి, ఆపైన తడిమట్టి మెత్తి, నడిమధ్యలో నిప్పు వేస్తారు. అడుగున చిన్న చిన్న బొక్కలు గాలికి. మొదట తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, అది కట్టెలో నీరు. రోజులు గడిచేకొద్దీ పల్చబడి నీలంగా మారుతుంది. అప్పుడు బొక్కలు మూసెయ్యాలి. రాత్రిళ్ళు కాపలా ఉండాలి, ఎందుకంటే మట్టి ఎక్కడ పగిలినా గాలి దూరి అంతా బూడిదే. నేను ఇంటర్ చదివేటప్పుడు నాయనకి సద్ది తీసుకెళ్ళి, ఆ వెచ్చదనం పక్కనే పడుకుని ఎంసెట్ మెటీరియల్ చదివాను. రాత్రి రెండింటికి నాయన లేచి పొగ రంగు చూసేవాడు, టార్చి వేసి. ఇప్పుడు నేను ప్రొడక్షన్ సర్వర్లకి రాత్రి డ్యూటీ చేస్తూ డాష్‌బోర్డు రంగులు చూస్తుంటాను. పెద్ద తేడా లేదు.

బస్తాలు లారీలో పోయేవి. ఇస్త్రీ బండ్లకీ హోటళ్ళకీ. ఫీజు రీఇంబర్స్‌మెంట్ రాకముందు బ్యాచి మాది, ప్రతి జూన్‌లో డీడీ తియ్యాల్సిందే. నాయన అరచేతుల్లో తుమ్మముళ్ళు విరిగి లోపలే ఉండిపోయిన నల్లచుక్కలు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకని మా గ్రూపులో ఎవరైనా 'ఈ జూలిఫ్లోరాని జేసీబీలు పెట్టి పీకేస్తే సరి' అంటే నాకు చివుక్కుమంటుంది. అన్నవాళ్ళ మాట తప్పు కాదు. గడ్డినేలలో తుమ్మ ఉండకూడదన్నది నిజం. తమిళనాడులో దీన్ని తొలగించమని హైకోర్టే చెప్పింది. కానీ పీకాక ఆ కట్టె ఎవరింటికి పోతుంది, వంట ఎవరిది ఆగుతుంది అన్న ప్రశ్న ఆ వాక్యంలో లేదు. అదీ ఒకరకం క్లీన్ బ్యాక్‌గ్రౌండే.

వేర్లతో సహా పోయిందే అని నాయన అన్న రాత్రి నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్ తెరిచాను. లైట్‌రూమ్‌లో ఒక సుగుణం ఉంది: ఎన్ని మార్పులు చేసినా అసలు ఫోటోని ముట్టుకోదు, చేసిన మార్పులని పక్కన చిట్టాగా రాసుకుంటుంది. ఏ రోజు ఏ మూల ఏం చెరిపావో అన్నీ ఉంటాయి. నా పిల్లిగద్దల ఫోటోలు ఎనిమిది సీజన్లవి ఉన్నాయి. నా కెమెరాలో జీపీఎస్ లేదు, కానీ ప్రతి నడకనీ ఫోన్లో ఈబర్డ్‌లో నమోదు చేసే అలవాటుంది. రెండిటి సమయాలూ కలిపితే ఏ ఫోటో ఎక్కడ తీసిందో దొరుకుతుంది. వృత్తిధర్మం ప్రకారం పైథాన్‌లో నలభై లైన్లు రాశాను.

మేం ప్రతి ఏడూ ఆగే బీడు ఒకటుంది, నందికొట్కూరు దాటాక రోడ్డుపక్కన. మధ్యలో తెల్లసున్నం కొట్టిన హద్దురాయి. ఆ రాయి పడిన ఫోటోలన్నీ బయటికి తీసి, చెరపడాలన్నీ వెనక్కి తిప్పి, వరసలో పెట్టాను.

2017లో రాయి వెనకాల ఆకాశం దాకా గడ్డే. 2019లో రాయికి ఎడమపక్క మోకాలెత్తు మొక్క ఒకటి. దాన్ని చెరిపిన గుర్తు చిట్టాలో ఉంది, పట్టిన సమయం రెండు నిముషాలు కూడా కాదు. 2021లో నాలుగు చోట్ల చెరిపాను. 2022లో ఒక ఫోటోకి పదిహేడు చెరపడాలు. 2023లో రాయి కనబడదు, కంప వెనక్కి పోయింది. ఆ ఏడు ఫోటోలన్నీ నేను రోడ్డు దాటి అవతలి పక్కనించి తీసుకున్నాను. ఎందుకు చోటు మార్చుకున్నానో అప్పుడు ఆలోచించనేలేదు. గద్దలు అటెళ్ళాయి, నేనూ అటెళ్ళాను.

ఒక్క బీడు, నాలుగు డజన్ల ఫోటోలు, వీటితో ఏదీ రుజువు కాదు. ఏడాదికి మూడు రోజులు వెళ్ళేవాడి లెక్క లెక్కే కాదు. కానీ ఆరేళ్ళపాటు ఒక చెట్టు నా ఫ్రేములోకి నడిచొస్తుంటే, అది వచ్చిన ప్రతిసారీ చేత్తో చెరిపి, లోకానికి 2017 నాటి బీడునే చూపిస్తూ వచ్చాను. 'ఈ గడ్డినేల ఎంత బాగుందో, ఎక్కడ?' అని కామెంట్లలో అడిగినవాళ్ళకి లొకేషన్ కూడా చెప్పాను. వెళ్ళినవాళ్ళు ఏమనుకున్నారో.

పొద్దున్నే నాయనకి ఆ వరస చూపించాను. వరండాలో నులకమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తెరమీద ఎండ పడకుండా తువ్వాలు అడ్డంపెట్టుకుని చూశాడు. గద్దని ఒక్కసారి కూడా చూడలేదు. కంపనే చూశాడు.

"ఇది రెండేండ్లది. విత్తనం పడి లేచింది. మేకలు తోలింటారు ఈ పక్క."

ఇంకోటి. "ఇది మొలక కాదురా. కొట్టినాక ఇగిర్చింది. చూడు, మొదట్లోనే నాలుగు పాయలు. ఎవురో కట్టెలకు కొట్టినారు, గొడ్డలితో. మొదలు తవ్వలే."

"ఎప్పుడు కొట్టింటారు?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ముందటేడు ఎండాకాలం." నా ఫోటోల్లో వెతికితే, నిజంగానే అంతకుముందు సీజన్లో అక్కడ ఒంటి కొమ్మతో ఒక చెట్టుంది. నా స్క్రిప్టు చెప్పలేనిది ఆయన పాయలు చూసి చెప్పాడు. నేను ఒక ఫైల్ తెరిచి ప్రతి ఫోటోకీ ఆయన చెప్పింది రాసుకుంటూ పోయాను: వయసు, మొలకా ఇగురా, కాయ పట్టిందా లేదా. మధ్యలో అమ్మ వచ్చి, "పండగ పూట తండ్రీ కొడుకులు కంప చూస్తాండారు," అని కాఫీలు పెట్టి పోయింది.

"మరి బొగ్గుకి పనికొస్తుందా ఇది?" అనడిగాను, 2023 ఫోటో దగ్గర.

"ఈ ఎడమపక్కది వస్తది. మిగతాది చిల్ల. పొయ్యిలోకి." కాసేపాగి అడిగాడు, "ఈ పిట్ట రాత్రి యాడుంటాది? ఈ కంప మీదనేనా?"

"చెట్టు మీద వాలదు నాయనా. నేలమీదే, గడ్డిలో పండుకుంటాది."

"నేలమీదనా?" తువ్వాలు పక్కకి తీసి నా వైపు చూశాడు, వేళాకోళం చేస్తున్నానేమోనని. "అంత పెద్ద గద్దా?"

"ఊఁ. మంచం గూడ ఉండదు."

తల తిప్పి మళ్ళీ తెర చూశాడు. ఈసారి గద్దని. దాని కాళ్ళు కనబడుతున్నాయి ఆ ఫోటోలో, పచ్చగా, సన్నగా, వేటకి కిందికి జార్చి.

"కంప కింద నేలంతా ముండ్లు రాలింటాయిరా," అన్నాడు. "ఎండిన ముల్లు టైరు చెప్పులోంచి గూడ దిగతాది. అంతుండే కాళ్ళతో యాడ పండుకుంటాది ఇది."

నాకేం చెప్పాలో తోచలేదు. ఆయన అరచెయ్యి ప్యాంటుకి రుద్దుకుంటున్నట్టు పంచెకి రుద్దుకుని, బాణం గుర్తు ఏదని అడిగి, తర్వాతి ఫోటోకి తానే వెళ్ళాడు.